‘ఒరిజినల్ సార్, కళ్లు మూసుకుని వేసుకోండి’: జిప్సీకి హెడ్ గ్యాస్కెట్ కొనేవాళ్లు కళ్లు తెరుచుకుని చదవండి

చేతులకి ఇంకా నల్లాయిలు వదల్లేదు, ఫోన్ మీదంతా మరకలే. తప్పులుంటే సర్దుకోండి. నాకు గ్యాస్కెట్ అమ్మిన స్పేర్ల కొట్టాయనతో ఇప్పుడే మాట్లాడి, అంటే తిట్టించుకుని, వచ్చి కూర్చున్నాను.

పేరు రాయను. మన వైపు పాత మారుతీ జిప్సీ జీపు ఉన్నవాళ్లలో సగం మంది ఆయన దగ్గర ఏదో ఒకటి కొనే ఉంటారు. “ఒరిజినల్ సార్, కళ్లు మూసుకుని వేసుకోండి” అంటాడే, ఆయనే. నేను బుద్ధిగా కళ్లు మూసుకున్నాను.

నాది 2004 మోడల్, పదహారు వాల్వుల ఇంజన్. కాలవలు కట్టేసిన రోజుల్లో అంతర్వేది వైపు చెరువు గట్ల మీద తిరుగుతుంటే రేడియేటర్లో నీళ్లు తగ్గాయి. కూలెంట్ డబ్బా ఇంట్లో ఉండిపోయింది. చెరువు దగ్గరున్న బోరు నీళ్లే పోసేశాను. అక్కడి బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు కషాయం, ఇంజనుకి నాలుకుందా ఏంటిలే అనుకున్నాను. దానికి తోడు రేడియేటర్ రెక్కల నిండా ఎండిన బురద. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే చూస్తూ కూడా, ఇల్లు దగ్గరే కదా అని ఇంకో రెండు కిలోమీటర్లు లాగాను. ఇంటికొచ్చాక ఆయిల్ మూత తీస్తే లోపల మీగడ కట్టినట్టు తెల్లగా ఉంది, అంటే ఆయిల్లో నీళ్లు కలిశాయన్నమాట. ఇంజన్ బ్లాకుకీ పైన కూర్చునే హెడ్డుకీ మధ్య నీళ్లూ ఆయిలూ కలవకుండా ఆపే పల్చటి రేకే హెడ్ గ్యాస్కెట్. ఆ మొదటి గ్యాస్కెట్ పోవడం నా చేతకానితనమే. అందులో ఎవరినీ అనను.

పని ఇంట్లోనే చేసుకుందాం అనుకున్నాం, నేనూ మా బావమరిదీ. కొబ్బరి చెట్ల కింద టార్పాలిన్ కట్టి, మూడు ఆదివారాలు పట్టింది. ఆ పనంతా ఇక్కడ రాయను, మీకు తెలిసిందే. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఆయన ఇప్పుడు తప్పంతా నా పని మీదకే తోస్తున్నాడు. టైమింగ్ మార్కులు పెయింటుతో గుర్తు పెట్టాకే బెల్ట్ తీశాం. హెడ్డు పాలకొల్లు లేతుకి పట్టుకెళ్లి ఫేసింగ్ చేయించాం, అంటే అడుగు చదునుగా రాపించాం. తెచ్చాక స్టీలు పట్టీ ఆనించి, సందులు కొలిచే ఫీలర్ గేజితో అడ్డంగా, నిలువుగా, ఐమూలగా చూశాం, 0.05 మిల్లీమీటర్ల పుల్ల ఎక్కడా దూరలేదు. బ్లాకులో బోల్టు రంధ్రాల్లో నిలిచిన నీళ్లూ ఆయిలూ గుడ్డతో అద్ది, గాలి కొట్టించి మరీ ఆరబెట్టాం. పది బోల్టులూ మధ్య నుంచి అంచులకి, మూడు విడతలుగా, బిగువు కొలిచి చూపించే టార్క్ రెంచి పెట్టి బిగించాం. ఆ రెంచి భీమవరంలో ఉన్న మా పిన్ని కొడుకు దగ్గర అడిగి తెచ్చింది. దాని మీద ఉన్న శ్రద్ధలో సగం ఆ గ్యాస్కెట్ మీద పెట్టి ఉంటే ఈ ఏడుపు ఉండేది కాదు.

అసలు సంగతి అదే. డబ్బా విప్పినప్పుడే నాకు తేడా కొట్టింది. మూడో సిలిండర్ చుట్టూ ఉండే రేకు రింగు అంచు ఒకచోట కొద్దిగా లేచి ఉంది. గోరు పెడితే పక్కనున్న నల్ల పూత పొలుసులా ఊడొచ్చింది. పాత గ్యాస్కెట్ పక్కన పెట్టి చూస్తే ఒక నీళ్ల కన్నం సగం పక్కకి జరిగి ఉంది. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను. “కొత్త స్టాకు అలాగే వస్తుంది సార్, బిగిస్తే కూర్చుంటుంది. మీరు మా తమ్ముడిలాంటోరు, మీకు డూప్లికేటు ఇస్తానా?” అన్నాడు. మా బావమరిది మాత్రం, “బావా, ఇది వద్దు, వెనక్కి పంపేద్దాం” అన్నాడు. ఆదివారం, సాయంత్రం నాలుగైంది, ఎదురుగా హెడ్డు అద్దంలా మెరుస్తోంది. ఇంకో వారం ఆగాలంటే నాకు మనసొప్పలేదు. “నీకేం తెలుసురా” అని వాడి నోరు మూయించి వేసేశాను. ఆ మాటకి వాడు ఇవాళ్టికీ ఏమీ అనలేదు. అదే ఎక్కువ మండుతోంది.

పదకొండు రోజులు నడిచింది. లెక్కేస్తే నూట నలభై కిలోమీటర్లు. చించినాడ వంతెన ఎక్కుతుంటే మళ్లీ వేడెక్కింది. ఆపి బానెట్ ఎత్తితే పై హోస్ పైపు రాయిలా బిగుసుకుపోయి ఉంది, రేడియేటర్ పక్కనున్న నీళ్ల డబ్బాలో బుడగలు. సిలిండర్లో గాలి నీళ్లలోకి తన్నుతోందని అక్కడే అర్థమైంది. ఈసారి తెలివిగా ఇంజన్ కట్టేసి, రొయ్యల బండికి తాడు కట్టించుకుని ఇంటికొచ్చాను. కింద గోదారి, పైన నేను, వెనక నుంచి అందరి హారన్లు. హెడ్డు విప్పితే, ఏ చోట రింగు లేచి ఉందో సరిగ్గా అక్కడే కాలి, నీళ్ల కన్నం దాకా నల్లటి గీత పడింది. వేలితో చూపించినట్టు అక్కడే.

ఫోటోలు తీసి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఇవాళ పొద్దున్న మా ఆవిడ నంబరు నుంచి చేస్తే రెండో రింగుకే, “చెప్పండి మేడమ్” అన్నాడు, తేనె కారుతున్నట్టు. నా గొంతు వినగానే ఆ తేనె ఎటు పోయిందో!

స్పీకర్ పెట్టి ఉంది. మా మావగారు అరుగు మీద కూర్చుని వింటున్నారు. నేను మర్యాదగానే మొదలుపెట్టాను, ఒరిజినల్ అని ఇచ్చారు కదండీ, ఇలా అయిందేంటి అని. దానికి ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఒరిజినల్ అని నేనెప్పుడన్నాను సార్? ఒరిజినల్ క్వాలిటీ అన్నాను.”

నాకు కాసేపు నోట మాట రాలేదు. తేరుకుని, తమ్ముడిలాంటోరు అన్నారు కదా అంటే, “ఇంజన్ పని ఇంట్లో పెట్టుకునేవాళ్లకి ఇలాగే అవుద్ది సార్. యూట్యూబ్ చూసి ఆపరేషన్ చేసి, పేషెంటు పోయాడని మందుల కొట్టోణ్ణి అడుగుతారా?” అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. కొట్టులో ఇంకో గిరాకీ అనుకుంటా. బిల్లు ఉంది, వినియోగదారుల కమిషన్‌కి వెళతానంటే, “ఆ బిల్లు ఒకసారి చదువుకోండి” అని పెట్టేశాడు.

లోపలికెళ్లి తీసి చూశాను. పైన ‘ఎస్టిమేట్’ అని అచ్చు వేసి ఉంది, అంటే అది అసలు బిల్లే కాదు. కింద పెన్నుతో ‘గ్యాస్కెట్ 1, రూ. 2,400’. కంపెనీ పేరు లేదు, పార్ట్ నంబర్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు. కొన్న రోజు బిల్లు అడిగితే “టాక్స్ పడుద్ది సార్, ఎందుకు దండగ” అన్నాడు, నేనూ మురిసిపోయాను. ఎంత మిగిల్చానో చూడండి: ఇంకో గ్యాస్కెట్, ఇంకో నాలుగు లీటర్ల ఇంజనాయిలు, కూలెంట్, హెడ్డు మళ్లీ లేతుకి. పదివేలకి తక్కువ కాదు. లేతు ఆయనైతే ఈసారి ముందు కొలిచి చూస్తానన్నాడు. ఎక్కువ రాపించేస్తే హెడ్డే పనికిరాకుండా పోతుంది మరి.

తడికి గ్యాస్కెట్ డబ్బా మీది రేటు స్టిక్కర్ ఊడితే దాని కింద ఇంకో స్టిక్కరు, దాని మీద సగం గీకేసిన వేరే పేరు. అదీ ఫోటో తీసి పంపబోతే ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయింది. ఆయన డీపీలో ఉండే వేంకటేశ్వరస్వామి కూడా మాయం. దర్శనం కూడా బ్లాక్ చేశాడు.

మా మావగారు ఒక్కటే అడిగారు, “డబ్బులిచ్చే ముందు డబ్బా విప్పి చూడలేదేంటి అల్లుడుగారూ?” అని. మనం బెండకాయలు కూడా చిదిమి చూసి కొంటాం. జవాబు లేదు నా దగ్గర.

జిప్సీ తయారీ ఆగిపోయి ఏళ్లయింది, స్పేర్ల కోసం మనం తిరుగుతున్నామని ఇలాంటివాళ్లకి బాగా తెలుసు. కాబట్టి పార్ట్ నంబర్ రాసిన జీఎస్టీ బిల్లు లేకుండా కొనకండి. పాత గ్యాస్కెట్ పారేయకుండా కొట్టుకి తీసుకెళ్లి, కన్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోండి. గోరు పెట్టి గీకండి, కొట్టాయన ఏమనుకున్నా సరే. కొరియర్లో తెప్పించుకుంటే డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. బోరు నీళ్ల సంగతి ఇక నేను చెప్పేదేముంది.

హెడ్డు ఇప్పుడు గోనెసంచి మీద ఉంది, పైన చినుకులు మొదలయ్యాయి, వెళ్లి టార్పాలిన్ కప్పాలి. పాలకొల్లు, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా పదహారు వాల్వులదానికి సీలు విప్పని గ్యాస్కెట్ ఉంటే పార్ట్ నంబర్ కనపడేలా ఫోటో పెట్టండి, నేనే వచ్చి డబ్బులిచ్చి తీసుకుంటాను. ‘క్వాలిటీ’ అనే మాట మాత్రం వాడకండి.