టీకా వేసిన చేతికంటే రాసిన చేయి ముఖ్యమైన చోటు: విజయనగరంలో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రం

మా అమ్మాయికి అయిదేళ్లు నిండి ఒకటో తరగతిలో చేర్చవలసి వచ్చినప్పుడు, బడివారు ఇచ్చిన దరఖాస్తు చివరి పుటలో టీకాల పట్టిక ఒకటి కనిపించింది. పుట్టిన రోజు వేసే బీసీజీ మొదలుకొని అయిదేళ్లకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ బూస్టరు దాకా ప్రతి గడిలో తేదీ వేసి, కార్డు నకలు జత చేయాలని రాసి ఉంది. అదే బడిలో మా అక్క కొడుకును కూడా చేర్చాలి. వాడికి రక్త క్యాన్సరుకు విశాఖలో చికిత్స జరుగుతున్నందువల్ల కొన్ని టీకాలు ఇప్పుడు వేయించడానికి వీల్లేదు. ఒకరికి టీకా వేయించినట్టు కాగితం తేవాలి, ఇంకొకరికి ఎందుకు వేయించలేదో కాగితం తేవాలి. ఈ రెండు పనుల మీద మూడు లాంతర్ల దగ్గరున్న మా ఇంటి నుంచి ఒక ప్రైవేటు పిల్లల క్లినిక్కుకూ, ఒక పట్టణ ఆరోగ్య కేంద్రానికీ తిరిగాం. మంచీ చెడూ రెండూ రాస్తున్నాను కనుక ఏ చోటి పేరూ చెప్పడం లేదు.

క్లినిక్కు గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. ఫోనులో టోకెను ఇస్తారు, చల్లని గది ఉంది, పావుగంటలో పని అయిపోతుంది. అయిదేళ్ల బూస్టరుకు 'నొప్పి లేని సూది' వేయించమన్నారు. దానివల్ల జ్వరం తక్కువగా వస్తుందన్న మాట నిజమే గాని, ధర వేలల్లో ఉంది. మాకు చిక్కు వచ్చింది ధర దగ్గర కాదు. అమ్మాయికి పదిహేనో నెలలో తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్, ఆ తరువాత ఆటలమ్మ టీకా అక్కడే వేయించాం. కార్డులో సీసా మీది చీటీలు చక్కగా అతికించారు గాని, ఒకదాని పక్కన తేదీ లేదు, ఇంకొకదాని పక్కన ఉన్నది తేదీయో సంతకమో ఎవరికీ తెలియలేదు. ధ్రువపత్రం అడిగితే, కంప్యూటరు మార్చినప్పుడు పాత వివరాలు పోయాయని చెప్పి, మా జ్ఞాపకం ప్రకారం తేదీ వేసి ఇస్తామన్నారు. జ్ఞాపకం మీద ఆధారపడి రాసే తేదీకి ముద్ర వేయించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆరోగ్య కేంద్రంలో టీకాలు బుధ, శనివారాల్లోనే వేస్తారు. తొమ్మిదికల్లా వెళితే, మందుల పెట్టె వచ్చి పని మొదలయ్యేసరికి పదిన్నర దాటింది. వరండాలో రెండే బల్లలున్నాయి. బాలింతలు చంటిపిల్లలతో గోడకు ఆనుకొని నిలబడ్డారు. మే నెల ఎండలో ఇది చిన్న లోపం కాదు. అయినా ఇంకోసారి ఎక్కడికి వెళతారని అడిగితే అక్కడికే వెళతానంటాను. అందుకు కారణం అక్కడ టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం గారు.

ఆమె మా తల్లీబిడ్డల కార్డు చూసి, బీరువాలోంచి అయిదేళ్ల కిందటి రిజిస్టరు తీసి, అమ్మాయి వరస సంఖ్య వెతికి, ఆరు, పది, పద్నాలుగు వారాలకు అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంటు మోతాదులను ఒక్కొక్కటిగా కార్డుతో సరిచూశారు. తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లాలకు వేసే ఎంఆర్ ఇక్కడే వేసిన దాఖలా దొరికింది. క్లినిక్కు వేసిన ఎంఎంఆర్‌ను ఏం చేస్తారో అనుకున్నాను. ఆమె ఆ చీటీ మీది బ్యాచి సంఖ్యను రిజిస్టరులో రాసుకొని, తట్టుకూ రుబెల్లాకూ రెండు మోతాదులు పూర్తయినట్టు నమోదు చేశారు. తేదీ లేని ఆటలమ్మ టీకా మాత్రం ప్రభుత్వ పట్టికలో లేదు కనుక దానిని తాకలేదు, ఊహించి రాయలేదు.

ఈ ఎంఆర్, ఎంఎంఆర్ తేడాయే బడిలో మాకు పెద్ద అడ్డంకి అయింది. బడి పట్టికలో 'ఎంఎంఆర్, రెండు మోతాదులు' అని ఉంది. మా కార్డులో ఒకచోట ఎంఆర్, ఒకచోట ఎంఎంఆర్ ఉండడంతో ఒక అక్షరం తక్కువైందని గుమాస్తా గారు దరఖాస్తు పక్కన పెట్టారు. ఆ అదనపు అక్షరం గవదబిళ్లలది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో గవదబిళ్లల టీకా లేదు. తట్టు, రుబెల్లా మాత్రమే ఉన్నాయి. అంటే ఆ పట్టికను ఉన్నదున్నట్టు పాటిస్తే ప్రభుత్వ కేంద్రంలో అన్ని టీకాలూ వేళకు వేయించుకున్న పిల్లలు సైతం అర్హులు కారు! ఏఎన్ఎం గారు ఈ సంగతి నాలుగు వాక్యాల్లో రాసి వైద్యాధికారి చేత సంతకం చేయించి ఇచ్చాక దరఖాస్తు కదిలింది.

ఇక డీపీటీ. సీసా మీది గుర్తు చూపమని అడిగితే విసుక్కోకుండా చూపించారు. వలయం లోపలి చదరం వలయంకంటే లేత రంగులో ఉంటే మందు వేడికి చెడలేదని అర్థం. ఒకసారి వాడాక మళ్లీ పనికిరాని సిరంజి మా కళ్లముందే విప్పి, భుజానికి సూది వేసి, అరగంట కూర్చోబెట్టారు. ఆ రాత్రి జ్వరం వచ్చి మర్నాటికి తగ్గింది. ఎంఆర్ కోసం వచ్చిన ఒక తల్లిని మాత్రం మరికొందరు పిల్లలు వచ్చేదాకా ఉండమన్నారు. ఆ మందు కలిపిన నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారబోయాలి. కారణం తెలిసినా, గంటకు పైగా నిలబడిన ఆ తల్లికి ముందే ఒక మాట చెప్పి ఉండవలసింది. అమ్మాయి పేరు ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా నమోదు అయిన యూ-విన్‌లో ఎక్కించి ఆ రోజు మోతాదుకు ధ్రువపత్రం ఫోనుకు పంపారు. పాత మోతాదులు కాగితం మీదే ఉండిపోయాయి.

మేనల్లుడి సంగతి వేరు. వాడికి రెండో ఎంఆర్ పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య పడవలసింది. వెళ్లినప్పుడల్లా జలుబో పొడి దగ్గో ఉందని మా అక్క వాయిదా వేసింది. కొద్దిపాటి జలుబు టీకా మానడానికి కారణం కాదని ఏఎన్ఎం గారు చెబితే అక్క తల వంచుకుంది. నాలుగో ఏట జబ్బు బయటపడ్డాక ఆ అవకాశమూ పోయింది. ఎంఆర్ బతికున్న క్రిములను బలహీనపరచి చేసే టీకా కనుక, కీమో నడుస్తున్న పిల్లలకు వేయరు. చికిత్స ముగిసి కొన్ని నెలలు గడిచాకే ఆలోచిస్తారు. విశాఖ వైద్యుల లేఖ చూసి ఆమె రిజిస్టరులో 'వైద్య కారణం, వాయిదా' అని రాశారు, 'మినహాయింపు' అని రాయలేదు. వాడి చుట్టూ ఉన్నవాళ్లకే టీకాలు పూర్తిగా ఉండాలని చెప్పి, మా అమ్మాయి కార్డు ఇంకోసారి తిరగేశారు. ఇలాంటి పిల్లలకు ఇవ్వడానికి అచ్చువేసిన నమూనా పత్రమంటూ కేంద్రంలో లేకపోవడం పెద్ద లోటు. తెల్లకాగితం మీద రాసిన దానిని బడివారు రెండుసార్లు తిప్పి పంపారు.

నిజానికి బడి ప్రవేశానికి టీకా తప్పనిసరి అని దేశమంతటికీ వర్తించే చట్టమేదీ మనకు లేదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బడుల్లో ఎంఆర్ వేయరాదని 2019లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని కోవిడ్ వ్యాజ్యంలో 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో ప్రజారోగ్యం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చనీ అన్నది. బలవంతం కూడదన్న మాట పట్టుకొని గుమాస్తాతో వాదించమని మా బావగారు అన్నారు. పక్క బల్ల మీద మేనల్లుడు కూర్చునే తరగతిలో మిగతా పిల్లల కార్డులు అడిగే బడితో నాకు వాదన లేదు. అడిగే పట్టిక సరిగ్గా ఉండాలన్నదే నా పట్టుదల.

కాలిఫోర్నియాలో ఉంటున్న మా పెదనాన్న గారి అబ్బాయి ఇదంతా విని, అక్కడ ఇంతకంటే కఠినమన్నాడు. 2014 చివర డిస్నీలాండులో తట్టు వ్యాపించాక, 2015లో చేసిన చట్టంతో వ్యక్తిగత విశ్వాసం పేరిట ఇచ్చే మినహాయింపులు అక్కడ పోయాయి. వైద్య కారణమే మిగిలింది. అదీ 2021 నుంచి రాష్ట్రపు ఎలక్ట్రానిక్ నమోదులోనే వైద్యుడు జారీ చేయాలి. మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు టీకా అక్కడి బడి లెక్కలోకి రాదు కనుక, మన తొమ్మిదో నెల మోతాదు చూపినా పనికిరాదట. అమెరికా వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు తేదీలు స్పష్టంగా రాయించుకోవడం మంచిది.

ఈ కేంద్రానికి వెళ్లేవారు ప్రైవేటులో వేయించిన కార్డులు కూడా పట్టుకెళ్లండి, నకళ్లు రెండు తీయించండి, నీళ్ల సీసా మరవకండి. మేనల్లుడి చికిత్స వచ్చే వేసవికి ముగుస్తుందని వైద్యులు అన్నారు. ఏఎన్ఎం గారు వాడి పేరు ఎదురుగా రెండో ఎంఆర్ గడిని పెన్సిలుతో చుట్టి, విశాఖ నుంచి కొత్త లేఖ రాగానే ఏ బుధవారమైనా రమ్మన్నారు.