ఎర మీద కోపం లేదు, దాని స్లీవు మీదే

మార్లిన్ లాంటి కొమ్ము చేపల కోసం బోటు వెనక ఈడ్చే ఈ ఎర కొని రెండు సీజన్లు నిండి మూడోది నడుస్తోంది. 2023 అక్టోబరులో ఆన్‌లైన్‌లో రెండు తెప్పించాను, ఒక్కోటీ పదకొండు వందలు. పొడవు, బరువు, రంగులు డబ్బా మీదే ఉంటాయి, అవి మళ్ళీ రాయను. తుపాకీ గుండులా కోసుగా ఉన్న తల, దాని వెనక రబ్బరు కుచ్చు, కుచ్చులో దాగిన స్టీలు గాలం, ముందు రెండు బారల నైలాన్ లీడరు, అంటే గాలాన్ని తాడుకి కలిపే మందపాటి దారం. అంతా కట్టి రెడీగా వస్తుంది. ఆ "కట్టి రెడీగా" అన్న దగ్గరే, అంటే లీడరుని గాలానికి బిగించే స్లీవు అనే చిన్న గొట్టం దగ్గరే నా గొడవంతా.

మాది కళింగపట్నం దగ్గర పల్లె. ఆరేళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌లో ట్రాలరు మీద పనిచేసి, ఇంక చాలనుకుని వచ్చేశాను. ఇప్పుడు మా బావా నేనూ కలిసి ఫైబర్ బోటు నడుపుతున్నాం, 9.9 హెచ్‌పీ ఇంజను. మార్లిన్ వేట వీడియోల్లో చూపించే కర్రలు, రీళ్ళు, బెల్టు కట్టుకునే కుర్చీలు మాకు లేవు. మాది చేతి గాలం. తాడుకి మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క, చివర మూత బిగించిన ఇరవై లీటర్ల ఖాళీ క్యాను. చేప ఒక్కసారిగా గుంజితే ట్యూబు సాగుతుంది, ఇంకా గుంజితే క్యానుని నీళ్ళలోకి వదిలేస్తాం. కొమ్ముకోనాం (ఆ కొమ్ము చేపలకి మా ఒడ్డున పేరు) కోసమే పనిగట్టుకుని వెళ్ళేంత పెట్రోలు డబ్బులు మా దగ్గర లేవు. వలకి వెళ్ళేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ వెనక ఒక ఎర వదిలి ఈడ్చుకుంటూ పోతాం, అంతే. 1953లో పెరూలోని కాబో బ్లాంకో దగ్గర ఒకాయన కర్రతో 707 కేజీల నల్ల మార్లిన్ పట్టాడట, ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. అలాంటి చేప మా క్యానుకి తగిలితే క్యాను ఏ అండమాన్ ఒడ్డునో దొరుకుతుంది.

ముందు మంచి చెబుతాను. నీళ్ళలో దీని నడక చాలా బాగుంటుంది. వదిలిన తర్వాత నాలుగైదు సెకన్లు కిందికి దిగి ఈదుతుంది, పైకొచ్చి గాలి మింగుతుంది, మళ్ళీ దిగుతుంది. దిగినప్పుడల్లా వెనక తెల్లటి బుడగల గీత పొగలా సాగుతుంది. ఆ పొగే చేపని పిలుస్తుంది. ముఖం ఏటవాలుగా కోసిన తలలూ, గిన్నెలా గుంట చేసిన తలలూ ఇంతకుముందు వాడాను. మా ఇంజను ఎంత అరిచినా ఫోన్లో జీపీఎస్ గంటకి 11, 12 కిలోమీటర్లు దాటదు. ఆ వేగంలో అవి బద్ధకంగా వెనకాల వేలాడేవి. ఈ గుండు తల మాత్రం ఆ వేగానికే పొగ కట్టింది. మా నాన్న కోడి ఈకలూ మెరిసే చాక్లెట్ కాగితాలూ కట్టి గాలం ఈడ్చేవాడు. కోనాలు (వంజరాలు) బాగానే పడేవి గానీ, కొమ్ము ఉన్నది ఒక్కటీ వాటి జోలికి రాలేదు.

మొదటి సీజన్లో దీనికి పధ్నాలుగు కోనాలు, సూరలు (ట్యూనా) చాలా, ఒక సెయిల్‌ఫిష్ పడ్డాయి. మా ఒడ్డున సెయిల్‌ఫిష్‌నీ మార్లిన్‌నీ కలిపి కొమ్ముకోనాం అనేస్తారు. వీపు మీద తెరచాప ఉంటే సెయిల్‌ఫిష్. అప్పుడు నేను దీన్ని అందరికీ తెగ పొగిడాను. మా పక్కింటి తమ్ముడి చేత కూడా ఒకటి కొనిపించాను.

ఇక 2025 ఫిబ్రవరి. రాత్రి రెండున్నరకి కెరటాలు దాటి బయలుదేరాం. ముందురోజు ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) వాళ్ళు పంపే చేపల జాడ మెసేజీలో మా రేవు నుంచి ఆగ్నేయంగా, ముప్పై కిలోమీటర్లకి కొంచెం పైన చూపించింది. దిక్కు, దూరం, లోతు ఇస్తారు. వాళ్ళు చూసేది ఉపగ్రహం నుంచి నీటి వెచ్చదనం, రంగు. అందుకే మబ్బు పట్టిన రోజుల్లో అది నమ్ముకోలేం. ఫిబ్రవరిలో ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి వెళ్ళాం. తెల్లారేసరికి దీపస్తంభం వెలుగు పోయింది, నీళ్ళు ఆకుపచ్చ దాటి నీలానికి తిరిగాయి. ఆ రెండు రంగులూ కలిసే గీత వెంట నురగా, నాచూ తేలుతూ ఉన్నాయి. బావ చుక్కాని పట్టుకుని ఆ గీత పక్కనే నడిపాడు. బోటు వెనక లేచే అలల్లో మూడో అల ముఖం మీద ఎర ఆడేలా తాడు సరిచేశాను. ఒడ్డువైపు వేడి ఇంకా లేదు, పడమటి గాలికి వళ్ళు వణుకుతోంది.

ఏడు దాటాక ఎర వెనక నీళ్ళలో ఏదో నల్లగా నిలబడింది. కర్ర ముక్క అనుకున్నాను. అది కర్ర కాదు, కొమ్ము. పక్కకి ఒరిగి ఎరని ఒక్క దెబ్బ కొట్టింది, తగల్లేదు. వెళ్ళిపోయిందనుకునేంతలో కింద నీళ్ళు వెలిగినట్టయ్యాయి. ఈ చేప కోపం మీదో ఆకలి మీదో ఉన్నప్పుడు వళ్ళంతా నీలంగా మెరుస్తుందని విన్నాను, చూడటం అదే మొదలు. "ఒరే, ఎనక సూడు!" అని బావ అరిచేసరికి ట్యూబు వేలంత సన్నగా సాగిపోయింది.

క్యాను వదిలేశాం. అది నీళ్ళ మీద బుడుంగున మునుగుతూ లేస్తూ పరుగెత్తింది, మేం దాని వెనక. చేప ఆరుసార్లు గాల్లోకి లేచింది. ఒకసారైతే బోటుకి ఎంత దగ్గరగా లేచిందంటే బావ వంగిపోయాడు. గంటా ఇరవై నిమిషాల తర్వాత పక్కకి ఒరిగి తేలింది. అప్పుడు దాని పక్క రెక్క చూశాను. వంటికి అతుక్కోకుండా గట్టిగా, అడ్డంగా నిలబడి ఉంది. అలా రెక్క ముడవని మార్లిన్ నల్ల మార్లిన్ ఒక్కటే. బరువు వంద కేజీల పైమాటే అని బావ, ఎనభై అని నేను. పోయిన చేప కదా, చెప్పినప్పుడల్లా పెరుగుతుంది.

లీడరు చేతికి అందింది. రెండు చేతులతో పట్టుకుని, తప్పని తెలిసీ ఒక చుట్టు అరచేతికి వేసుకున్నాను. చేప తల ఒక్కసారి విదిల్చింది. చేతిలో బరువు పోయింది. తాడు తెగితే టప్పున చప్పుడు వస్తుంది, ఇది అలా రాలేదు, జారినట్టు పోయింది. అంతసేపటి పెనుగులాటలో ఎర లీడరు మీద పైకి జరిగి నా మోచేతి దగ్గరే ఉంది. అది మిగిలింది. కింద గాలం లేదు, చేప లేదు. అది తోక ఊపుతూ నిదానంగానే దిగిపోయింది. అంత నిదానంగా పోవడం చూసి ఇంకా మండింది.

లీడరు కొస చూస్తే పంటి గాటు లేదు, కొమ్ము రాపిడి లేదు. గాలం కన్నులోంచి దూర్చి వెనక్కి మడిచి నొక్కిన చోట తెల్లటి పిండి అంటుకుని ఉంది. అది స్లీవు. అంటే ఒకప్పుడు స్లీవు. అల్యూమినియం గొట్టం ముక్క, నాలుగైదు రూపాయల సరుకు. ముందువైపు, తాడుకి తగిలించే చోట ఇలాంటిదే ఇంకోటి ఉంటుంది. దాన్ని వేటకి వెళ్ళే ముందు ప్రతిసారీ గోరుతో గీకి చూసేవాణ్ణి, ఇప్పటికీ తళతళలాడుతోంది. లోపలిది కుచ్చు కింద కనపడదు. పైగా అది స్టీలు గాలం కన్నుకి ఆనుకుని ఉంటుంది. ఉప్పునీళ్ళలో అల్యూమినియమూ స్టీలూ అలా తగిలి ఉంటే అల్యూమినియమే తినిపోతుంది, ఇది ఏ బోటు మెకానిక్‌ని అడిగినా చెబుతాడు. కుచ్చు లోపల తడి ఆరదు కాబట్టి పని ఇంకా బేగి అవుతుంది. గాలం స్టీలుది పెట్టి, దాని పక్కనే అల్యూమినియం పెట్టి, ఆ రెంటినీ కుచ్చుతో కప్పి అమ్మినవాళ్ళకి ఈ సంగతి తెలియదా?

అమ్మినవాళ్ళకి ఫోటోలు పంపాను. రెండు రోజులకి జవాబొచ్చింది: ఉప్పునీళ్ళలో ఎక్కువకాలం వాడితే లోహ భాగాలు పాడవడం సహజమట. మార్లిన్ ఎర మరి ఎక్కడ వాడమంటారు, వంశధారలోనా?

అయితే నా లెక్క కూడా సరిచూసుకోవాలి. పదహారు నెలల్లో ఆ ఎరని మంచినీళ్ళతో కడిగింది నాలుగైదుసార్లు. మిగతా రోజులన్నీ తడిగోనెలో, ఇంజను నూనె కలిసిన బోటు అడుగునీళ్ళ పక్కనే ఉంది. 2024 ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట ఆపినప్పుడు, ఆ రెండు నెలలూ అలాగే బోటులో వదిలేశాను. సగం తప్పు నాది. ముప్పావు అని బావ అంటాడు, అది ఒప్పుకోను.

తర్వాత స్లీవులు నేనే వేసుకోవడం మొదలుపెట్టాను. మొదట కరెంటు పనివాళ్ళ ప్లయరుతో నొక్కాను. అది మధ్యలో పొడిచినట్టు నొక్కుతుంది, నైలాన్ నలిగి రెండో రోజే ఒక కోనాం పోయింది. ఇప్పుడు స్లీవుకి సరిపడే గుంటలున్న ప్లయరు కొన్నాను. రాగి స్లీవు, రెండు రంధ్రాలది. నైలాన్ మందానికి బిగుతుగా పట్టాలి. రెండు అంచుల దగ్గరా కొంచెం నొక్కకుండా వదలాలి, చివరిదాకా నొక్కితే ఆ అంచే కత్తిలా కోస్తుంది. దూర్చిన కొసని లైటరుతో కాల్చి చిన్న గుండుగా చేస్తాను, జారితే అక్కడ ఆగుతుంది. రాగి కూడా పచ్చబడుతుంది గానీ ఇలా పిండి కాదు. వేటకి వెళ్ళే ముందు కుచ్చు వెనక్కి తిరగేసి చూడటం అలవాటైంది.

స్లీవు పక్కన పెట్టి మిగతా ఎర గురించి కూడా, మొదట చెప్పినంత గొప్పగా ఇప్పుడు చెప్పలేను. పొగ కడుతుందన్నది బోటులో ఇద్దరమే ఉండి, ఐసు పెట్టె సగం ఖాళీగా ఉన్నప్పటి మాట. నలుగురు ఎక్కి, తడివల కూడా ఉన్న రోజు వేగం గంటకి ఎనిమిది కిలోమీటర్లకి పడిపోతుంది. అప్పుడు ఇదీ నీటిలో మునిగిన చెప్పులాగే వస్తుంది. వానాకాలంలో వంశధార నీరు కలిసి సముద్రం ఎర్రగా ఉన్నప్పుడు దీన్ని వదలడం దండగ. కోనాం పళ్ళకి కుచ్చు మూడు నెలలు ఆగదు. విడిగా కుచ్చులు దొరుకుతాయి గానీ రెండు వందల పైన పడుతుంది. ఆ లెక్క వేస్తే, కోనాం కోసమే అయితే మా నాన్న కోడి ఈకే చవక. కొమ్ముకోనాం ఒడ్డున కోనాం ధరలో సగం కూడా పలకదు కాబట్టి, దాని కోసం పదకొండు వందలు పెట్టడంలో లాభం కంటే సరదాయే ఎక్కువని నాకే తెలుసు.

బావ మాత్రం ఆ స్లీవుకి దండం పెట్టుకోవాలంటాడు. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర గాలానికి పడిన కొమ్ముకోనాం ఒక మత్స్యకారుణ్ణి సముద్రంలోకి లాక్కుపోయిందన్న వార్త వచ్చినప్పుడు, ఫోను నా ముందు పెట్టి, "ఆ రోజు అది జారకపోతే నీ సెయ్యి ఏటయ్యేదిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అరచేతికి వేసిన ఆ చుట్టు గురించి ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఇప్పుడు లీడరు పట్టుకునేటప్పుడు గుడ్డ గ్లోవు వేసుకుంటున్నాను, చుట్టు వేయడం మానేశాను. అయినా స్లీవు మీద కోపం పోలేదు. చేప పోయే చోటు కుచ్చు కింద దాచిన గొట్టం కాకూడదు కదా.

చిన్న ఇంజనూ చేతి గాలమూ ఉండి, ఇద్దరే వెళ్ళేవాళ్ళయితే ఈ గుండు తల కొనుక్కోవచ్చు. ఖాళీ తల, కుచ్చు మాత్రమే విడిగా దొరికితే అది ఇంకా మేలు. కర్రా రీలూ ఉండి, పెద్ద ఇంజనుతో వేగంగా పోయేవాళ్ళ సంగతి నేను చెప్పలేను. కడిగి ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్ళ చేతిలో ఆ అల్యూమినియం కూడా ఎక్కువకాలం నిలిచేదేమో. పక్కింటి తమ్ముడిది ఇంకా బాగానే ఉంది, వాడు నెలకి రెండుసార్లే వెళ్తాడు.

నేను కొన్న రెండోది ఇంకా కవర్లోనే ఉంది. ఈ ఆదివారం దాని స్లీవులు రెండూ కోసి పారేసి, రాగివి వేశాకే నీళ్ళలో వదులుతాను.