స్లాబుకి ఏ బూడిద మేలు: బొగ్గుదా, ఊకదా?

శ్రీకాకుళం జిల్లాలో రైస్ మిల్లు ఉన్న చోటల్లా వెనకాల ఊక బూడిద గుట్ట ఉంటుంది. దాదాపు ఊరికే వస్తుంది కాబట్టి, స్లాబులో నాలుగు బస్తాల సిమెంటు తగ్గించి ఇది కలిపేస్తే పోలేదా అన్న ఆశ ఇల్లు కట్టేవాళ్లకి సహజం. ఇంటి స్లాబు వరకు నేను వద్దనే అంటాను.

గుణంలో మాత్రం ఊక బూడిదది పైచెయ్యే. ధాన్యం తూకంలో సుమారు ఐదో వంతు ఊక; ఆ ఊక కాలితే మళ్లీ ఐదో వంతు బూడిద. బాగా కాలిన బూడిదలో 85–90 శాతం సిలికాయే. సిమెంటు నీటితో కలిసినప్పుడు బయటపడే సున్నాన్ని ఈ సిలికా పట్టుకుని గట్టి పదార్థంగా మారుస్తుంది. ఫ్లైయాష్, అంటే థర్మల్ ప్లాంటులో బొగ్గు కాలగా వచ్చే బూడిద, చేసే పనీ ఇదే, కానీ అందులో సిలికా తక్కువ.

చిక్కంతా ఆ కాలడం దగ్గరే ఉంది. వేడి 700 డిగ్రీల లోపు అదుపులో ఉంటేనే సిలికా చురుగ్గా పనిచేస్తుంది. అది దాటితే స్ఫటికంగా మారి మొద్దుబారుతుంది. మిల్లు బాయిలర్‌కి కావలసింది ఆవిరి, మన స్లాబు కాదు కదా! అందుకే బూడిద నల్లగా, కాలని కార్బన్‌తో వస్తుంది, లోడుకో రకంగా ఉంటుంది. పైగా నీళ్లు తెగ తాగుతుంది. మాలు బిగుసుకుంటోందని మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తాడు, బలం అక్కడే పోతుంది.

ఫ్లైయాష్ రేణువులు గుండ్రం. మాలు జారుగా ఉంటుంది, నీళ్లు తక్కువ పడతాయి. మనకి దగ్గర్లో పరవాడ సింహాద్రి థర్మల్ విద్యుత్ ప్లాంటు నుంచి వస్తుంది. అసలు విడిగా కొననక్కర్లేదు: ఫ్లైయాష్ కలిపే తయారుచేసే పీపీసీ రకం సిమెంటు బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా అదే ఉంటుంది. ఈ సంగతి తెలియక పీపీసీలో మళ్లీ బూడిద కలిపేవాళ్లున్నారు. మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలో ముందే వేసుకునే లెక్క) లేకుండా ఆ పని చేయకూడదు.

ఫ్లైయాష్ లోపం నిదానం. మొదటి రోజుల్లో బలం మెల్లగా వస్తుంది. బూడిద కలపని మామూలు సిమెంటు ఓపీసీకి ఏడు రోజుల తడి చాలంటే, దీనికి కనీసం పది, ఎండల్లో పద్నాలుగు రోజులు కావాలి. సెంట్రింగ్ తీయడానికి తొందరపడే కాంట్రాక్టరు ఉంటే అదో టెన్షన్. కానీ కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఆ ఓపికకి ఫలితం ఉంది. కాంక్రీటులో సందులు పూడుకుపోయి, ఉప్పు ఊచ దాకా అంత తేలిగ్గా చేరదు.

టెక్కలి గ్రానైట్ పొడి సంగతి వేరు. దానికి ఈ బూడిదల్లా సున్నాన్ని పట్టుకునే గుణం లేదు కాబట్టి ఇసుకలో కొంత భాగంగా చూడాలే తప్ప సిమెంటు బదులు కాదు.

ఊక బూడిద పనికిరాదని కాదు. కాంక్రీటుకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 కూడా అధికారి ఆమోదంతో వాడుకోవచ్చంటుంది. మెత్తగా మరపట్టి, సిమెంటులో పది శాతం దగ్గర ఆగి, పరీక్షకి కాంక్రీటు క్యూబులు పోసి 28 రోజులకి పగలగొట్టి బలం చూసుకునే సిమెంటు బ్లాకుల యూనిట్‌కి అది మంచి సరుకే. ఊరికే వచ్చిన బూడిదకి ఈ ఖర్చంతా ఎందుకనుకుంటే మాత్రం పీపీసీ బస్తాతో సరిపెట్టుకోవడమే మేలు.