కాపర్ బాండెడ్ ఎర్తింగ్ కిట్: కొనొచ్చు, కానీ రాడ్ పొడవు చూసుకుని

బొగ్గు, ఉప్పు పోసే పాత పైపు ఎర్తింగ్ బదులు ఇప్పుడు ఇళ్లకి చాలామంది వేయిస్తున్నది ఈ కిట్టే. రాగి పూత ఉన్న స్టీలు రాడ్, రాడ్ చుట్టూ పోసే కాంపౌండ్ పొడి 25 కిలోల సంచి, క్లాంపు, పిట్ మూత వస్తాయి. పాతదానికంటే ఇదే మేలు. ఉప్పు వానలకి కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) పైపుని తినేస్తుంది, ఎండాకాలం నీళ్లు పోయకపోతే రెసిస్టెన్స్ (కరెంటు నేలలోకి పోకుండా ఉండే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు, తక్కువుంటే మేలు) పెరిగిపోతుంది. బెంటొనైట్ అనే బంకమట్టి కలిసిన కాంపౌండ్ తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

కానీ అమ్మేవాళ్లు "5 ఓమ్‌ల లోపు గ్యారంటీ" అంటే నమ్మకండి. అది తేల్చేది నేల. 100 ఓమ్-మీటర్ల (నేల కరెంటుకి ఎంత అడ్డో చెప్పే కొలత) నేలలో 17.2 మి.మీ. మందం, 3 మీటర్ల రాడ్ ఒక్కటే దించితే ఎర్తింగ్‌కి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 3043 సూత్రం ప్రకారం దాదాపు 35 ఓమ్‌లు వస్తుంది. చుట్టూ 100 మి.మీ. వెడల్పు గుంత నిండా ఎంత మంచి కాంపౌండ్ పోసినా 25 దగ్గరే ఆగుతుంది. 5 రావాలంటే తడి నల్లరేగడి లాంటి, 20 ఓమ్-మీటర్ల నేల కావాలి. చవక కిట్లలో వచ్చే 1 మీటరు రాడ్‌తో అయితే 85 దాటుతుంది. అలాంటిది ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. హైదరాబాద్‌లోలా బండ తగిలితే రాడ్ కోసేయనివ్వకండి. డ్రిల్లింగ్ పెట్టించండి, లేదా లోతు దొరికే చోటు వెతకండి. రెండో రాడ్ వేస్తే 3 మీటర్లకి తగ్గకుండా, వీలైతే 6 మీటర్ల దూరంలో వేయాలి.

రాగి పూత 250 మైక్రాన్లు ఉండాలి. రాడ్ చివర ఆకురాయితో గీయండి. రెండు గీతలకే ఇనుము బయటపడితే అది ఉత్త ప్లేటింగ్, తిరిగి ఇచ్చేయండి.

బిగించేటప్పుడు ఎక్కువగా చెడేది కాంపౌండ్ దగ్గరే. పొడిగా కుమ్మరిస్తే మధ్యలో గాలి ఖాళీలు మిగులుతాయి. రాడ్‌ని గుంత మధ్యలో నిలబెట్టి, కాంపౌండ్‌ని నీళ్లతో జావలా కలిపి మెల్లగా పోయాలి. 100 మి.మీ. గుంతకి పట్టేది 23 లీటర్లు, ఒక సంచితో సరిపెట్టొచ్చు. గుంత 150 మి.మీ. తవ్వితే 52 లీటర్లు, ఒక సంచి చాలదు. క్లాంపు జాయింటుని మట్టిలో పూడ్చకుండా పిట్‌లో పైకే ఉంచండి. రాగి రాడ్‌కి అల్యూమినియం వైరు చుడితే తేమకి జాయింటు తుప్పు పట్టి పాడవుతుంది. మే నెలలో, నేల బాగా ఎండినప్పుడు, మెయిన్ ఆపి రాడ్ నుంచి ఇంటి ఎర్త్ వైరు విప్పి, ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. అప్పుడొచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. నిజంగా 5 ఓమ్‌లే వచ్చినా 230 వోల్టులకి పారేది 46 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి-టైప్ ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) వెంటనే పడాలంటే కనీసం 80 కావాలి. అంటే ఫ్రిజ్ బాడీకి కరెంటొస్తే ఎంసీబీ వెంటనే పడదు. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొద్దిగా లీకైనా కట్ చేసే స్విచ్) ఉంటే 35 ఓమ్‌ల ఎర్త్‌తోనూ కట్ చేస్తుంది. ఖరీదైన కిట్‌కి, ఆర్‌సీసీబీకి రెండింటికీ డబ్బు చాలకపోతే మామూలు 3 మీటర్ల రాడ్ వేసి, మిగిలింది ఆర్‌సీసీబీకి పెట్టండి.