పాత షాండ్లియర్లు: ఏ రకానికి ఎన్ని మార్కులు

పైకప్పు నుంచి వేలాడే కొమ్మల దీపం, అంటే షాండ్లియర్, పాతదైతే దుకాణాల్లో ఎప్పుడూ వెలిగించే చూపిస్తారు. వెలుగుతున్న గాజు ముందు ఎవరి కళ్లయినా చెదురుతాయి. అందుకే మొదట దాన్ని ఆర్పమనండి. పగటి వెలుతురులో నిచ్చెన వేయించుకుని పైనుంచి చూడండి. కింద వేలాడే గాజు లోలకం పోతే దానికి దగ్గరగా ఉండేది వెతికి తగిలించుకోవచ్చు. దీపాన్ని మోసే కొమ్మ విరిగితే, నడిమి కాడ వంగితే అలాంటిది మళ్లీ దొరకదు. కింద వేసిన మార్కులన్నీ ఈ లెక్క మీదే పడ్డాయి.

వందేళ్లు దాటినవాటిని యాంటిక్ అంటారు. అంతకన్నా తక్కువ వయసున్నా ఒక కాలపు పోకడను చూపించేవి వింటేజ్. వయసు పట్టుకోవడానికి మంచి ఆధారం దీపం ఏ వైపు చూస్తోందన్నది. కొవ్వొత్తికి, తొలినాటి గ్యాస్ మంటకు పైకి చూడక తప్పదు. 1880ల నుంచి విద్యుత్తు వచ్చాకే గాజు గిన్నెలు కిందికి తిరగగలిగాయి. కొమ్మలు గొట్టాలుగా ఉండి, వాటి మీద చిన్న కుళాయి పిడులు మిగిలుంటే అది ఒకప్పుడు గ్యాస్ దీపం. ప్లస్ ఆకారపు గాడి ఉన్న స్క్రూలు 1930ల తర్వాతివి. 18వ శతాబ్దపు సరుకని చెప్పినదానిలో అవి కనిపిస్తే మరమ్మతైనా జరిగుండాలి, మాటైనా అబద్ధమై ఉండాలి.

మొదటిసారి కొనేవాళ్లకు మా ఓటు పోత ఇత్తడి షాండ్లియర్‌కే, పదికి తొమ్మిది. నడుమ కాడ, అడుగున నున్నటి గుండు, చుట్టూ ఎస్ ఆకారంలో వంపు తిరిగిన కొమ్మలు: 17వ శతాబ్దపు నెదర్లాండ్స్‌లో స్థిరపడిన రూపం ఇది. అడుగు గుండు అలంకారం మాత్రమే కాదు, బరువును కిందికి లాగి దీపాన్ని నిటారుగా ఉంచుతుంది, వెలుగును తిప్పికొడుతుంది. కొనేముందు అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోనంత మాత్రాన ఇత్తడే అనుకోకూడదు, జింకుకీ అయస్కాంతం అంటదు. పైకప్పుకు ఆనే గిన్నె లోపలి అంచున సూదితో చిన్న గీత గీయించండి. పసుపు కనిపిస్తే ఇత్తడి, బూడిద రంగైతే జింకు. జింకు దాదాపు 420 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి ఇత్తడిని అతికినట్టు దాన్ని వేడితో అతకడం కుదరదు. విరిగిందా, అంతే సంగతులు.

చేత్తో చేసిన పాత ఇత్తడి కొమ్మల మొదట్లో ఆకురాయి గంట్లో, అంకెలో ఉంటాయి. ఏ కొమ్మ ఏ రంధ్రంలోకి వెళ్లాలో చెప్పే గుర్తులవి. రెండు కొమ్మలు తారుమారైనా దీపాలన్నీ ఒక మట్టంలో నిలవవు. ఇక కొవ్వొత్తుల కాలపు కొమ్మలు గట్టి పోత, లోపల వైరుకు దారి ఉండదు. వాటిని తొలిచిన షాండ్లియర్‌కు యాంటిక్ విలువ తగ్గుతుంది. వైరును కొమ్మ వెనక వైపు నుంచి పైపైన పాకించినదే మేలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయవచ్చు. బంగారు పూత ఉన్న కంచు షాండ్లియర్‌కు మాత్రం ఇత్తడి పాలిష్ తాకనివ్వకండి. పాతకాలంలో పాదరసంతో వేసిన ఆ పూత చాలా పలుచన, రుద్దితే పాలిష్ గుడ్డకే అంటుకుని పోతుంది.

మరియా థెరిసా రకానికి ఏడు. చదునైన లోహపు పట్టీకి అటూ ఇటూ గాజు పలకలు బిగించి, స్క్రూల తలల మీద గాజు పువ్వులు కూర్చోబెడతారు. ఆ పేరున్న ఆస్ట్రియా రాణి 1740లో గద్దెనెక్కింది, కానీ బొహీమియా (ఇప్పటి చెక్ దేశం) గాజు పనివాళ్లు ఈ నమూనాను ఇప్పటికీ చేస్తున్నారు. కాబట్టి పేరు విని వయసు లెక్కకట్టకండి. లోపలి పట్టీ ఇనుముదైతే గాజు అంచుల వెంట ఎర్రటి మరక ఉందేమో వెతకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి గాజు పలకను చిట్లగొడుతుంది.

ఇటలీలో వెనిస్ దగ్గరి మురానో దీవిలో ఊది చేసిన గాజుకు మనసు పది వేయమంటుంది, చెయ్యి ఆరు దగ్గర ఆగుతుంది. పువ్వులు, ఆకులు, మెలి తిరిగిన కొమ్మలు అన్నీ గాజే. సానపట్టిన స్ఫటికపు గాజులా తళుక్కుమనదు, మెత్తగా వెలుగుతుంది, అదే దాని అందం. ఇబ్బందేమంటే కొమ్మ పూర్తిగా గాజు, మొదలు మాత్రం లోహపు గిన్నెలో కూర్చుంటుంది. ఒక్కో కొమ్మను చేత్తో పట్టుకుని వెంట్రుకవాసి కదిపి చూడండి. గాజు కొమ్మ మొదలును కొన్నిటిలో ప్లాస్టర్‌తో లోహపు తొడుగులో బిగిస్తారు. అది పొడిబారితే కొమ్మ ఊగుతుంది. ఇది బాగుచేయగల లోపమే. వంపు దగ్గర అతుకు ఉంటే మాత్రం వదిలేయండి. అతికించిన చోటు మామూలు వెలుతురులో దాగినా, చీకట్లో అతినీల లోహిత టార్చి వేస్తే చాలా రకాల జిగుర్లు సన్నటి గీతలా మెరుస్తాయి.

పూసల దండలు పైనుంచి గుడారంలా దిగి అడుగున సంచిలా ముడుచుకునే రకానికి అయిదే. చూపుకు గొప్పగా ఉంటుంది, కానీ వందల పూసలు సన్నటి తీగ కొక్కేల మీద ఆధారపడతాయి. ఒకటి తెగితే ఆ దండ మొత్తం జారుతుంది. దుమ్ము లోపల చేరితే దండలు విప్పకుండా పోదు. ఎత్తైన కప్పు, ఏడాదికోసారి విప్పి కడిగే ఓపిక, రెండూ ఉంటేనే తీసుకోండి.

1950ల నుంచి 1970ల దాకా వచ్చిన వింటేజ్ రకాలకు ఎనిమిది. గుండు నుంచి నలుదిక్కులకూ కడ్డీలు పొడుచుకొచ్చే స్పుత్నిక్ తరహా వీటిలో ముఖ్యం. 1966లో తెరిచిన న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హాలులో వియన్నా లోబ్‌మయర్ సంస్థ షాండ్లియర్లు ఈ పోకడకు గొప్ప ఉదాహరణ. మొదటినుంచీ విద్యుత్తు కోసమే చేసినవి కాబట్టి వైరుకు దారి ఉంటుంది, తక్కువ ఎత్తు గదుల్లోనూ ఇముడుతాయి.

గాజు సంగతి. ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో సీసం కలిపిన గాజుకు పేటెంటు పొందాడు. ఆ గాజు బరువెక్కువ, కాంతిని ఎక్కువగా విరుస్తుంది, సానకు లొంగుతుంది. లోలకాన్ని వేలితో మీటితే ఖంగుమని కాసేపు మోగాలి. అంచు మీద గోరు నడిపితే కోతలు పదునుగా తగలాలి. గుండ్రంగా జారిపోతూ, పక్కన సన్నటి అతుకు గీత తగిలితే అచ్చులో పోసింది. ముట్టుకోగానే చల్లగా అనిపించకపోతే, చేతిలో తేలిగ్గా ఉంటే ప్లాస్టిక్. లోలకాలను వరసల వారీగా లెక్కపెట్టండి. ఒక కొమ్మకు అయిదుంటే అన్నిటికీ అయిదుండాలి. ఏడెనిమిది తగ్గినా భయం లేదు. ఖాళీ రంధ్రాలు ఎక్కువైతే బేరమాడండి.

కొలత ముందే చూసుకోండి. గది పొడవు, వెడల్పు అడుగుల్లో కూడితే వచ్చే అంకెను అంగుళాలుగా తీసుకుంటే సుమారు వ్యాసం వస్తుంది: 14, 12 అడుగుల గదికి 26 అంగుళాలు. భోజనాల బల్ల మీదైతే బల్ల వెడల్పులో సగం నుంచి మూడింట రెండు వంతులు, బల్లకూ దీపం అడుగుకూ మధ్య 30 నుంచి 36 అంగుళాలు. మనుషులు నడిచే చోట నేల నుంచి కనీసం 7 అడుగులు వదలాలి.

వేలాడదీయడంలోనే పెద్ద తప్పులు జరుగుతాయి. ఫ్యాన్ కోసం పెట్టిన కొక్కేన్నీ, జిప్సం ఫాల్స్ సీలింగునూ నమ్మకండి. బరువు స్లాబులోకో దూలంలోకో వెళ్లాలి. షాండ్లియర్‌ను కాటా మీద తూచి, దానికి రెండింతలు బరువున్న ఇసుక బస్తాను ఆ కొక్కేనికి ఒక రోజంతా వేలాడదీయండి. కొక్కెం చుట్టూ నెర్ర కనిపించినా, అది కాస్త కిందికి దిగినా పని మళ్లీ చేయించాలి. గొలుసుతో పాటు విడిగా ఒక ఉక్కు తాడు కూడా కట్టించండి.

వైరింగు బాగానే ఉందన్న మాట వినొద్దు. పాత రబ్బరు వైరు కాలక్రమేణా గట్టిపడుతుంది, వంచితే పెచ్చులుగా రాలి తీగ లోహానికి తగులుతుంది. మొత్తం తీసేసి వేడిని తట్టుకునే వైరు వేయించండి, లోహపు భాగాలన్నిటికీ ఎర్తు కలపాలి. పని అయ్యాక వైరు తొడుగు నుంచి కరెంటు లీకవుతోందేమో చూసే 500 వోల్టుల మెగ్గర్‌తో పరీక్షిస్తే రీడింగు కనీసం ఒక మెగాఓమ్ చూపాలి. 110 వోల్టుల దేశం నుంచి వచ్చినదానికి బల్బులు మార్చి ఊరుకోకండి, హోల్డర్ల మీద రాసిన వోల్టేజీ కూడా చూడండి.

బల్బులు 2700 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), రంగుల నాణ్యత సూచిక (సీఆర్‌ఐ) 90కి తగ్గని ఫిలమెంట్ ఎల్‌ఈడీలు తీసుకోండి. గాజు పారదర్శకంగా ఉండాలి. పాలరంగు బల్బు వెలుగును పరిచేస్తుంది, దాంతో స్ఫటికం తళుకు చచ్చిపోతుంది. డిమ్మర్ పెట్టదలిస్తే అది, బల్బులు, రెండూ ఒకదానికొకటి సరిపడాలి, లేకపోతే రెపరెపలాడతాయి.

శుభ్రం చేసేటప్పుడు మెయిన్ ఆపి, ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి, గుడ్డను తడిపి తుడవండి. షాండ్లియర్ మీద నేరుగా చల్లకండి, హోల్డర్లలోకి దిగుతుంది. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణాలు అసలే వద్దు, వంపు ఒత్తిడిలో ఉన్న ఇత్తడి కొక్కేలను అమ్మోనియా నెమ్మదిగా చిట్లగొడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చుట్టూ తుడవడం సులువని షాండ్లియర్‌ను గిరగిర తిప్పకండి. నడిమి కాడ మరలతో బిగించి ఉంటుంది, ఒకే వైపు తిప్పుతూ పోతే ఆ మర ఊడివస్తుంది. దీపాన్ని కదలకుండా ఉంచి నిచ్చెననే చుట్టూ జరుపుకోండి.