క్రిటికల్ థింకింగ్ కోర్సు: రెండో వారం కోసమైనా చేరొచ్చు

ఆరు వారాల ఆన్‌లైన్ క్రిటికల్ థింకింగ్ కోర్సు ఒకటి నిన్ననే పూర్తి చేశాను. చేరేముందు రివ్యూలు వెతికితే "బాగుంది", "సూపర్" తప్ప ఇంకేం కనబడలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజే ఒక ఆట పెట్టారు. 2, 4, 6 ఇచ్చి, వీటి వెనక ఒక రూల్ ఉంది, మీరూ మూడేసి సంఖ్యలు ఇస్తూ పోండి, రూల్‌కి సరిపోయాయో లేదో చెప్తాం, నమ్మకం కుదిరాక ఆ రూలేంటో చెప్పండి అన్నారు. నేను 8, 10, 12 ఇచ్చాను, సరిపోయింది. 20, 22, 24 కూడా సరిపోయింది. ఇంకేముంది, రెండేసి పెరిగే సంఖ్యలు అని రాసేశాను. తప్పు! ఏ సంఖ్యలైనా సరే, ఒకదాని కంటే ఒకటి పెద్దదైతే చాలు, అదే రూల్. నా ఊహ తప్పేమో అని చూడటానికి 1, 7, 50 లాంటిది ఒక్కటి కూడా ఇవ్వలేదు నేను. పీటర్ వేసన్ అనే సైకాలజిస్ట్ 1960లో ప్రచురించిన ప్రయోగం ఇది, అప్పుడు కూడా 29 మందిలో మొదటి ప్రయత్నంలోనే సరిగ్గా చెప్పినవాళ్లు ఆరుగురేనట.

రెండో వారం నోట్‌బుక్ పని ఇచ్చారు. ఏదైనా విషయంలో గట్టి అభిప్రాయం ఉంటే, "ఏం తెలిస్తే నేను మనసు మార్చుకుంటాను" అన్నది ముందే కాగితం మీద పెట్టాలి, ఆ తర్వాతే విచారించాలి. డార్విన్‌కీ ఇలాంటి అలవాటే ఉండేది, తన సిద్ధాంతానికి ఎదురొచ్చే విషయం కనబడితే వెంటనే రాసిపెట్టుకునేవాడు, అలాంటివే తొందరగా మర్చిపోతామని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ వారమే మా తమ్ముడు ఉద్యోగం మానేస్తానన్నాడు. వాడికి ఓపిక లేదని నేను అప్పటికే తేల్చేసుకున్నాను. అయినా రాశాను: "పని గంటలు నిజంగా పెరిగి ఉంటే నాది తప్పు." అడిగితే మూడు నెలలుగా రాత్రి పదకొండు దాటితే గానీ ఇంటికి రావట్లేదని చెప్పాడు. ఆ వాక్యం రాసుకోకపోయి ఉంటే నేను గంటల గురించి అడిగేదాన్నే కాదు, సలహాలు ఇచ్చి ఫోన్ పెట్టేసేదాన్ని.

మూడో వారం లెక్కలు, భయపడొద్దు. వెయ్యి మందిలో ఒకరికి వచ్చే జబ్బు ఉంది, ఆ జబ్బు లేనివాళ్లలో కూడా నూటికి ఐదుగురికి టెస్టు పాజిటివ్ చూపిస్తుంది, మరి పాజిటివ్ వచ్చిన మనిషికి జబ్బు ఉండే అవకాశం ఎంత? నేను 95 శాతం అన్నాను. వెయ్యి మందినీ లెక్కేస్తే జబ్బు లేకుండానే పాజిటివ్ వచ్చేవాళ్లు దాదాపు 50 మంది, నిజంగా జబ్బున్నవాడు ఒక్కడు, అంటే 2 శాతమే. 1978లో హార్వర్డ్ అనుబంధ ఆసుపత్రుల్లో 60 మంది డాక్టర్లను, విద్యార్థులను ఇదే అడిగితే 11 మందే సరిగ్గా చెప్పారు. శాతాలు వదిలేసి మనుషుల్ని లెక్కపెట్టమని నేర్పడం ఈ వారంలో నాకు బాగా నచ్చింది.

నాలుగో వారం మాత్రం నచ్చలేదు. వాదనల్లో దొర్లే పొరపాట్లకు పేర్లు, ఇరవైకి పైగా, వరసగా బట్టీ పట్టించారు. దానివల్ల నేను నేర్చుకున్నదల్లా ఎదుటివాళ్ల మాటకు లేబుల్ అంటించడమే, రెండు రోజులు ఇంట్లో అందరినీ అలాగే విసిగించాను కూడా. మన వాదనలోనే తప్పు వెతికే అభ్యాసం ఒక్కటి ఇచ్చినా బాగుండేది. క్విజ్‌లన్నీ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలే, ఎందుకలా అనుకున్నావు అని అడిగేవాళ్లు లేరు, మెయిల్ పెడితే జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. చివరి రెండు వారాలు వార్తలు, గ్రాఫులు ఎలా చదవాలో చెప్పారు, పర్లేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. సర్టిఫికెట్ కోసమైతే వద్దు. చేరితే నాలుగో వారం పైపైన చూసి, ఆ టైమంతా నోట్‌బుక్ పనికి ఇవ్వండి. నేను ఇప్పటికి పదిహేడు పేజీలు రాశాను, అందులో ఐదు చోట్ల మనసు మార్చుకున్నాను.