పలుకే బంగారమాయెనా: బాలమురళి గొంతులో, నవమి పందిట్లో

17వ శతాబ్దపు భద్రాచల రామదాసు కీర్తన "పలుకే బంగారమాయెనా" ఆనందభైరవి రాగంలో మా కోనసీమ వారికి కంఠస్థమే. దాన్ని ఎవరెవరు పాడినా, వాయించినా నాకు ఇష్టమైన రూపాలు రెండు. మొదటిది 1930లో ఇక్కడి శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది. ఆయన పల్లవిని నిలదీస్తున్నట్టు కాక, అలిగిన దేవుణ్ణి బతిమాలుతున్నట్టు నెమ్మదిగా పాడతారు. ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించిన సంగతి గుర్తుచేసే చరణంలో ప్రతి అక్షరమూ విడిగా వినిపించడం వల్ల ఫిర్యాదు వెనుక దాగిన చనువు తెలుస్తుంది.

రెండవది శ్రీరామనవమి నాడు మా ఊరి తాటాకు పందిట్లో వినిపించే సన్నాయి. దానికి మాటలు లేవు, పైగా మైకు గీపెడుతుంది. అయినా డోలు ఆగి, సన్నాయి ఒక్కటే "కోదండపాణి" అన్న చోట నిలిచినప్పుడు పానకం గ్లాసులు అందించేవారు సైతం ఆగిపోతారు, ఎందుకంటే ఆ మాటలు వినేవారి మనసులోనే ఉన్నాయి. సాహిత్యం కోసమైతే బాలమురళి గారిదే వింటాను. కానీ పలకని దేవుణ్ణి మాటలే లేని వాద్యం పిలవడం నాకు మరింత దగ్గరగా తోస్తుంది, వాయించే పెద్దాయన పై షడ్జమం, అంటే పై స్థాయి 'స' స్వరం దగ్గర ఏటా కాస్త తడబడినా సరే.